బుష్ అరిగితే బండి అమ్మేయాలా?

హనుమకొండ నుంచి కాజీపేట వైపు వెళ్లే పాత మారుతి 800 స్పీడ్ బ్రేకర్ దిగుతూ ముందు చక్రం దగ్గర ‘టక్’మంటే ఇంట్లోవాళ్ల అనుమానం ముందు షాకప్‌ల మీదికే పోతుంది. కొన్నాళ్లకు టైరు లోపలి అంచు అరుగుతుంది. బ్రేకు నొక్కితే బండి ఓ పక్కకు లాగుతుంది. ఇక ఎవరో ఒకరు ‘దీని పనైపోయింది, వచ్చినకాడికి అమ్మేయండి’ అని సలహా ఇస్తారు. చాలాసార్లు ఆ రోగమంతా లోయర్ ఆర్మ్ చివర గుప్పిట్లో ఇమిడే రబ్బరు బుష్‌దే.

బుష్‌లో పెద్ద యంత్రాంగమేమీ ఉండదు. లోపల ఉక్కు గొట్టం, దాని చుట్టూ గట్టిగా అతికిన రబ్బరు, చాలా బండ్లలో పైన ఇంకో ఉక్కు తొడుగు. చక్రాన్ని పట్టుకున్న ఆర్మ్ పైకీ కిందికీ ఊగుతుంటే ఈ రబ్బరు మెలితిరిగి మళ్లీ తన చోటికి వస్తుంది. మోకాళ్లలో గుజ్జు అరిగిన మనిషి ఎలా నడుస్తాడో, బుష్‌లు పోయిన కారూ అలాగే నడుస్తుంది. ఎండ, ఇంజిన్ వేడి, కారే ఆయిల్ రబ్బరును తినేస్తాయి. ఓరుగల్లు ఎండల సంగతి సరే, వానలూ తక్కువేం కాదు. 2020 ఆగస్టులో, 2023 జులైలో వరంగల్ కాలనీలు నీట మునిగాయి. అలా నీళ్లలో నిలిచిన బండ్లలో బుష్ గొట్టమూ, అందులోని బోల్టూ కలిసి తుప్పుపట్టి ఊడిరాకుండా బిగుసుకుపోతాయి.

బుష్ మార్చే పనిలో సగానికి పైగా ఇంటి దగ్గరే చేసుకోవచ్చు. చేసుకోవాలి కూడా. తన బండి కింద ఏముందో ఒక్కసారి కళ్లారా చూసినవాడికి, ‘మొత్తం సస్పెన్షన్ మార్చాలి’ అన్న మాట విన్నప్పుడు ఏమడగాలో తెలుస్తుంది.

అయితే మొదటి షరతు ప్రాణభద్రత. మన ఇళ్ల గేటు ముందు ర్యాంపు వాలుగా ఉంటుంది, అక్కడ జాక్ పెట్టకూడదు. చదునైన గట్టి నేల కావాలి. వెనక చక్రాలకు అడ్డు పెట్టాలి, లేపిన బండిని ఉక్కు స్టాండ్ల మీద నిలపాలి. ఇటుకలు పేర్చి కిందికి దూరే అలవాటు మన వీధుల్లో ఇంకా కనిపిస్తూనే ఉంది. ఇటుక చెప్పాపెట్టకుండా పగులుతుంది. స్టాండ్లు లేకపోతే ఆ రోజుకు పని మానుకోవడమే మంచిది.

బండి లేచాక ఆర్మ్‌కూ ఫ్రేముకూ మధ్య చిన్న రాడ్ పెట్టి కదిపితే అసలు విషయం బయటపడుతుంది. రబ్బరు చీలినా, గొట్టాన్ని వదిలేసినా, ఆర్మ్ లొడలొడా ఆడినా బుష్ పోయినట్టే. బోల్టులకు ముందురోజే తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి ఉంచితే మర్నాడు పానా పెట్టినప్పుడు సగం కష్టం తగ్గుతుంది.

ఆర్మ్ ఊడదీయడం వరకూ ఇల్లు చాలు. పాత బుష్‌ను నెట్టి కొత్తది ఎక్కించడానికి ఆటోనగర్‌లో ప్రెస్ ఉన్న షాపుకు వెళ్లడమే తెలివైన పని. మరలున్న పొడవాటి రాడ్, నట్లు, మందపాటి వాషర్లు, సరైన సైజు పైపు ముక్క ఉంటే ఇంట్లోనూ మెల్లగా లాగి కూర్చోబెట్టవచ్చు. సుత్తితో బాదితే మాత్రం తొడుగు వంకరపోతుంది, కొత్త బుష్ ఎక్కకముందే పాడవుతుంది. కొన్ని బుష్‌ల రబ్బరులో ఖాళీలు ఉంటాయి, అవి ఏ దిక్కుకు ఉండాలో కంపెనీ లెక్కగట్టి పెట్టినవి. అందుకే పాతది తీసేముందే ఆర్మ్ మీద గీత గీసుకోవాలి. జారడానికి గ్రీజు రాస్తే రబ్బరు ఉబ్బిపోయే ప్రమాదం ఉంది. సబ్బు నీళ్లు సరిపోతాయి.

చివరి బిగింపు దగ్గరే ఎక్కువమంది తప్పు చేస్తారు. చక్రం గాలిలో వేలాడుతుండగానే బుష్ బోల్టును పూర్తిగా బిగిస్తే, బండి నేలకు దిగగానే రబ్బరు మెలిపడిపోతుంది. ఆ మెలితోనే రాత్రింబవళ్లు ఉండి, త్వరగా చిరుగుతుంది. ముందు వేళ్లతో బిగించి, బరువు చక్రాల మీద పడ్డాకే కంపెనీ చెప్పిన టార్క్‌కు బిగించాలి. ఆ తర్వాత వీల్ అలైన్‌మెంట్ తప్పనిసరి. అది ఇంట్లో అయ్యే పని కాదు.

ఇంత చిన్న రబ్బరు ముక్క కొన్ని మోడళ్లకు విడిగా దొరకదు. మొత్తం ఆర్మ్ కొనాల్సిందే. ఇది న్యాయం కాదు. విడిభాగాలు, రిపేరు సమాచారం బయటి మెకానిక్‌లకు అందనివ్వడం లేదని కాంపిటీషన్ కమిషన్ 2014 ఆగస్టులో 14 కార్ల కంపెనీలకు దాదాపు 2,545 కోట్ల రూపాయల జరిమానా వేసింది. ఆ వ్యవహారం తర్వాత పై కోర్టుల మెట్లెక్కి నానింది. 2022 డిసెంబరులో కేంద్రం ‘రైట్ టు రిపేర్’ పోర్టల్ తెరిచింది, అందులో వాహన రంగమూ ఉంది. పోర్టల్ ఉంటే సరిపోదు, బుష్ విడిగా దొరకాలి, ఏ టార్క్‌కు బిగించాలో యజమానికి తెలియాలి.

పాత బండిని బాగుచేసి ఉంచుకునేవారికి ఇంకో ఖర్చూ ఉంది. సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ముగుస్తుంది, ఆపైన తనిఖీ చేయించి అయిదేసి ఏళ్లకు పొడిగించుకోవాలి. ఆ పొడిగింపు ఫీజు 2022 ఏప్రిల్‌లో 600 నుంచి 5,000 రూపాయలకు పెరిగింది. మారుతి 800 తయారీ 2014 జనవరిలోనే ఆగిపోయింది కాబట్టి, రోడ్డు మీదున్న ప్రతి 800కూ ఈ గడప దాటడమో, దాటడానికి దగ్గరపడటమో తప్పదు. డబ్బు తీసుకుంటున్న ప్రభుత్వం బదులుగా ఏదైనా ఇవ్వాలి. మోటార్ మెకానిక్ కోర్సు నేర్పే ఐటీఐ షెడ్లను నెలకో ఆదివారం పాత కార్ల యజమానులకు తెరిచి, ఒక ప్రెస్, నాలుగు స్టాండ్లు, టార్క్ రెంచి పక్కనే ఓ ఇన్‌స్ట్రక్టర్‌ను ఉంచితే చాలు. కొద్దిపాటి రుసుము పెట్టినా జనం వస్తారు, విద్యార్థుల చేతికీ అసలైన బండ్ల మీద పని దొరుకుతుంది.