నీళ్ళు కారే కన్ను కూడా పొడి కన్నే!

కళ్ళలో ఇసుక పడ్డట్టు గరగర, మంట, సాయంత్రానికి ఎరుపు... పైగా బొటబొటా నీళ్ళు! "నీళ్ళు కారుతుంటే కళ్ళు పొడిబారడమేమిటి?" అనుకుంటున్నారా? కిటుకంతా అక్కడే ఉంది.

కంటి మీద కన్నీరు సన్నని పొరలా పరుచుకుని ఉంటుంది. అది ఆరిపోకుండా పైన పలుచటి నూనెపూత కాపాడుతుంది. ఆ నూనె రెప్పల అంచుల్లోని చిన్న గ్రంథుల నుంచి వస్తుంది. అవి పూడుకుపోతే పొర చెదిరి కన్ను మండుతుంది. ఆ మంటకే నీళ్ళు కారతాయి. అవి చెంపల మీదికి జారిపోతాయేగాని కంటిని కాపాడవు.

మన శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో కారణాలకేం కొదవ? కట్టెల పొయ్యి పొగ, మొహం మీదికి ఫ్యాను గాలి, రెప్ప వేయకుండా టీవీ, సెల్‌ఫోన్ చూడటం. పలాస వైపు జీడిపిక్కలు కాల్చేచోట పొగ సరేసరి. నెలసరి ఆగిన వయసు, జలుబుకి మింగే కొన్ని మాత్రలు కూడా కళ్ళను ఆరబెడతాయి. పిక్కలు కొట్టేవాళ్ళు జీడి అంటిన చేత్తో కన్ను నులుముకోకండి. జీడి కంట్లో పడితే పావుగంటసేపు మంచినీళ్ళతో కడిగి, వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

ఇంట్లో ఏం చేయాలి? శుభ్రమైన గుడ్డను ఓర్చుకోగల వేడినీళ్ళలో ముంచి పిండి, మూసిన రెప్పల మీద రోజుకి రెండుసార్లు ఐదేసి నిముషాలు ఉంచండి. తర్వాత రెప్పల అంచుల్ని మెల్లగా తుడవండి. కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్ వంటి కన్నీటి చుక్కలు వాడొచ్చు. మూత తీసిన సీసాను నెల దాటాక పారేయండి. ఆముదం, తేనె, చనుబాలు మాత్రం కంట్లో పోయకండి.

అసలు జాగ్రత్త ఇంకొకటుంది. ఎరుపు తగ్గాలని మందుల షాపులో అడిగి తెచ్చుకునే చుక్కల్లో స్టెరాయిడ్ ఉండొచ్చు. సీసా మీద డెక్సామెథసోన్, బీటామెథసోన్, ప్రెడ్నిసొలోన్ అని ఉందేమో చూడండి. వీటితో మంట ఇట్టే తగ్గుతుంది. కానీ డాక్టరు చెప్పకుండా నెలల తరబడి వేసుకుంటే కంట్లో ఒత్తిడి పెరిగి నీటికాసులు రావచ్చు. శుక్లం కూడా ముదురుతుంది. నీటికాసుల్లో చాలాసార్లు నొప్పే ఉండదు. పోయిన చూపు తిరిగి రాదు.

నొప్పి, చూపు మసక, వెలుతురు చూడలేకపోవడం, నల్లగుడ్డు మీద తెల్లమచ్చ ఉంటే ఆలస్యం చేయకండి. నోరు కూడా ఆరిపోతూ కీళ్ళు నొప్పులుంటే ఆ సంగతీ డాక్టరుకి చెప్పండి. పిల్లల్లో కళ్ళు పొడిబారి, చీకటిపడగానే తడుముకుంటుంటే అది ఎ విటమిన్ లోపం కావచ్చు. చుక్కలతో సరిపెట్టకండి.

ఈ రోజే మీ అలమరలోని కంటిచుక్కల సీసా తీసి, దాని మీద పేరు చదవండి!