నిప్పు కంటె నిదానము మేలు

ఈ కాలమున మన బాలబాలికలు ఎపాక్సీ రెజిన్‌తో పతకములు, పూలు పొదిగిన పలకలు చేయుట నేర్చుకొనుచున్నారు. అద్దమువలె మెరయవలసిన ఆ వస్తువులలో గాలిబుడగలు నిలిచిపోయినచో శ్రమయు, సొమ్మును వ్యర్థమగును. బుడగ కనబడగనే నిప్పుసెగ చూపుటయే మందని పలువురు తలంతురు. పెద్దలు జాగ్రత్తతో అట్లు చేయుట తప్పని మేమనము. కాని సెగ పైపొరలోని బుడగలను మాత్రమే పగులగొట్టును. లోతున చిక్కినవానిని చేరజాలదు. సెగ మితిమీరినచో పైభాగము పచ్చబడును, అచ్చు చెడును. పిల్లల చేతికి మంట నీయకుండ పని నెరవేరు మార్గముండగా దానినే బోధించుట ఉచితమని మా అభిప్రాయము.

బుడగ ఎచ్చట పుట్టునో తెలిసినచో నివారణ సులభము. రెజిన్, దానిని గట్టిపరచు హార్డెనర్ అను రెండు ద్రవములను తయారీదారు చెప్పిన పాళ్లలోనే కొలువవలెను. పాళ్లు తప్పినచో వస్తువు జిగురుగానే మిగులును. మజ్జిగ చిలికినట్లు చిలికినచో గాలి లోనికి చొచ్చును. కావున చదునైన పుల్లతో, గిన్నె అంచులను అడుగును గీకుచు, 3 మొదలు 5 నిమిషముల వరకు మెల్లగా త్రిప్పవలెను. చల్లబడిన రెజిన్ చిక్కనై గాలిని విడువదు. చలిదినములలో మూత బిగించిన రెజిన్ సీసాను 10 నిమిషములు గోరువెచ్చని నీటిలో నుంచి, తడి తుడిచి, పిదప కలుపవలెను. అంతకు మించిన వేడి కూడదు. కలిపిన ద్రవము పోయుటకు ముందే గట్టిపడును.

ఎండు పూవును కొయ్యయు తమ రంధ్రములలో గాలిని దాచుకొనును. వానికి ముందుగా పలుచని రెజిన్ పూత పూసి, అది గట్టిపడిన పిదప అచ్చులో నుంచవలెను. ద్రవమును సన్నని ధారగా, పొర తరువాత పొరగా పోయవలెను. కలిపిన ద్రవమును గిన్నెలో ఎక్కువగా నిలువ ఉంచినచో తనలో పుట్టిన వేడికే పొగలు గ్రక్కవచ్చును.

చేతులకు తొడుగులు, గాలి ఆడు గది, పెద్దల తోడు తప్పనిసరి. గట్టిపడని రెజిన్ తగిలి కొందరికి దద్దురులు లేచును. ఒకసారి అట్లు పడకపోయినచో, పిమ్మట ఏ కొంచెము తగిలినను ఆ బాధ మరలివచ్చును.

ఇట్టి హెచ్చరికలు సీసాలపై తరచుగా ఇంగ్లీషున నుండును. మన ప్రాంతమున ఇంటి భాష తెలుగు, అంగడి భాష వేరు. తెలుగు మాత్రమే చదువనేర్చిన తల్లి ఆ సీసాను చూచి తన బిడ్డను ఎట్లు హెచ్చరింపగలదు? కాబట్టి విద్యార్థులారా, పని మొదలిడుటకు ముందు కొలతలను, జాగ్రత్తలను తెలుగున వ్రాసి ఇంటివారికి చదివి వినిపింపుడు. తల్లిదండ్రులారా, ఆ కాగితము చూడనిదే సీసా మూత తీయనీయకుడు. పద్యము చదువుటకు నేర్చిన తెలుగు పాళ్లు కొలుచుటకును అక్కరకు వచ్చినప్పుడే అది మన పిల్లలకు నిత్యజీవితపు భాషయై నిలుచును.