ఇరవయ్యొక్కేళ్ళ బాకీ

రాక్ గాయని పాటీ స్మిత్ అనగానే 1975 నాటి 'హార్సెస్' రికార్డు అట్ట గుర్తొస్తుంది. తెల్ల చొక్కా, భుజాన కోటు, సింగారం ఊసే లేని మొహం! ఆ ఫోటో తీసింది రాబర్ట్ మేపుల్‌తోర్ప్. ఇద్దరూ కుర్రతనంలో న్యూయార్క్ చెల్సీ హోటల్లో ఓ ఇరుకు గదిలో ఉన్నారు. పుస్తకాల షాపులో ఆవిడ జీతమే ఆధారం.

1989లో ఎయిడ్స్‌తో అతను పోయేముందు, తమ కథ రాస్తానని మాటిచ్చింది. తర్వాత ఇద్దరు పిల్లల పెంపకం, 1994లో భర్త మరణం, మళ్ళీ స్టేజీ... 'జస్ట్ కిడ్స్' వచ్చేసరికి 2010! అదే ఏడు అమెరికాలో నేషనల్ బుక్ అవార్డు కొట్టేసింది. నాకైతే అవార్డుకన్నా ఆ ఆలస్యమే ముచ్చటేసింది. పేరున్నవాడు పోతే నెల తిరక్కుండా పుస్తకం అచ్చేసే రోజులు కదా! ఆవిడ పాట మీకు పడకపోతే పోనీండి, పుస్తకం మాత్రం వదలకండి.