ఆకాశంలో అందే కబురు

మన ఇళ్లల్లో ప్రయాణాలకు ఒక మర్యాద ఉండేది. బయలుదేరేవాడు గుమ్మం దాటుతూంటే, "చేరగానే ఉత్తరం వ్రాయి నాయనా" అనేవారు. ఆ ఉత్తరం వచ్చేదాకా ఇంటివాళ్లు దైవం మీద భారం వేసి ఊరుకునేవారు. ఉత్తరం పోయి టెలిఫోను వచ్చింది. టెలిఫోను జేబులోకి ఎక్కింది. నాలుగు రోజుల నిరీక్షణ నాలుగు నిమిషాలకు దిగింది. ఇక మిగిలిన మౌనమల్లా విమానంలో కూర్చున్న ఆ కొద్ది గంటలే. దానికీ ఇప్పుడు కాలం చెల్లుతున్నది. విమానాలలో వైఫై పెడుతున్నారు.

అమెరికాలో బిడ్డలున్న తెలుగు కుటుంబాలకు ఇది చిన్న సంగతి కాదు. హైదరాబాదులో ఎక్కి, దోహాలో మారి, డాలస్‌కో హ్యూస్టన్‌కో పోయేవాళ్లు ఆ రెండో విమానంలోనే సుమారు పదహారు గంటలు ఉంటారు. మా పక్కింటి పిన్నిగారు టిక్కెట్టు కొనబోయే ముందు, "భోజనం శాకాహారమేనా?" అని అడిగేవారు. ఈ ఏడు మొదటి ప్రశ్న, "వైఫై ఉన్నదా?" అని. శాకాహారం రెండో ప్రశ్న అయిపోయింది!

ఇంతకూ 35,000 అడుగుల ఎత్తున, గంటకు 900 కిలోమీటర్ల వేగంతో పోయే విమానానికి ఇది ఎట్లా అందుతుంది? నేల మీద స్తంభాలు నిలిపి, పైకి తరంగాలు పంపే పద్ధతి ఒకటి ఉన్నది. అమెరికాలో 2008 నుంచి విమానాలు దాన్ని వాడుకున్నాయి. కాని అట్లాంటిక్ నడిమధ్య స్తంభం పాతేదెవరు? అందుచేత దూరప్రయాణాలకు ఉపగ్రహాలే గతి.

విమానం వీపు మీద ఎద్దు మూపురంలాంటి ఉబ్బు ఎప్పుడైనా చూశారా? దాని కిందనే యాంటెన్నా ఉంటుంది. విమానం ఎటు తిరిగినా, పొద్దుతిరుగుడు పువ్వు సూర్యుణ్ణి వెతుక్కున్నట్లు, అది ఉపగ్రహాన్ని వెతుక్కుంటూనే ఉంటుంది. అక్కడినుంచి తీగలు లోపలికి వచ్చి, మన నెత్తి మీది కప్పులో దాగిన చిన్న పెట్టెలకు చేరతాయి. మన ఫోను మాట్లాడేది ఆ పెట్టెలతోనే.

ఈ మూపురం అమర్చటం గోడకు మేకు కొట్టినట్లు కాదు. లోపలి గాలి ఒత్తిడిని కాపాడే ఒంటికే రంధ్రాలు చేయాలి. చేసిన చోట బలానికి అదనపు రేకులు బిగించాలి. పక్షి వచ్చి తగిలినా, పిడుగు పడినా తట్టుకుంటుందని నిరూపించి, ఒక్కొక్క రకం విమానానికి వేరువేరుగా ప్రభుత్వాధికారుల అనుమతి పొందాలి. పైగా బరువు, గాలి రాపిడి పెరిగి ఇంధనం ఎక్కువ ఖర్చవుతుంది.

బోయింగ్ వారు ఈ పనిని 2000లోనే తలకెత్తుకున్నారు. 2004 మేలో లుఫ్తాన్సా విమానం ఒకటి మ్యూనిక్ నుంచి లాస్ ఏంజెలిస్‌కు ఈ సౌకర్యంతో వెళ్లింది. ప్రయాణం పొడుగునా వాడుకోవటానికి దాదాపు 30 డాలర్లు. ఆనాడు అందరి చేతుల్లోనూ ఇప్పటి ఫోనులు లేవు. ఒళ్లో పెట్టుకునే కంప్యూటరు ఉన్నవాడే గిరాకీ. అట్లాంటివారు చాలక 2006 ఆఖరుకు దుకాణం కట్టేశారు. మరునాటి ఏడే ఐఫోను వచ్చింది!

దూరం మరొక చిక్కు. భూమధ్యరేఖపైన, మనకు ఒకేచోట నిలిచినట్లు కనిపించే ఉపగ్రహాలు 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉంటాయి. మన మాట అక్కడికి ఎక్కి దిగటానికి పావు సెకను, జవాబు రావటానికి మరో పావు. ఇప్పుడు స్టార్‌లింక్ వారు సుమారు 550 కిలోమీటర్ల ఎత్తులోనే వేలాది ఉపగ్రహాలను తిప్పుతున్నారు. దాంతో ఆ ఆలస్యం బాగా తగ్గింది. 2024లో హవాయియన్, ఖతార్ సంస్థలు వీటిని తమ విమానాలకు తగిలించి, ప్రయాణికులకు ఉచితంగా ఇచ్చాయి.

మన దేశం సంగతి వేరు. విదేశీ విమానమైనా మన గగనతలంలోకి రాగానే వైఫై కట్టేయవలసి వచ్చేది. 2018 డిసెంబరులో నిబంధనలు వచ్చి, దారి తెరిచాయి. 2025 జనవరిలో ఎయిర్ ఇండియా దేశంలో తిరిగే కొన్ని విమానాలలోనూ ప్రవేశపెట్టింది.

ఇంతవరకు యంత్రం సంగతి. మనుషుల సంగతి ఇంకా ఉన్నది.

మా కాలేజీలో లెక్కలు చెప్పే మిత్రుడొకాయన, తండ్రికి జబ్బుగా ఉన్నదని చాలా ఏళ్ల కిందట అమెరికా నుంచి బయలుదేరాడు. ఆయన గాలిలో ఉండగానే తండ్రి పోయారు. విమానాశ్రయంలో అన్నగారి ముఖం చూసి గ్రహించాడు. "ఆ రాత్రంతా నాన్న ఉన్నాడనుకుంటూ కూర్చున్నాను. హాయిగా నిద్ర కూడా పోయాను. ఆ నిద్ర తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది" అంటాడు.

మా పెదనాన్నగారి మనుమరాలికి నిరుడు అట్లాంటిక్ మీద ఉండగా వాళ్ల అమ్మమ్మ పోయిన కబురు అందింది. ఇంకా ఏడు గంటల ప్రయాణం. పట్టుకుని ఏడవటానికి తనవాళ్లు లేరు, దిగిపోదామంటే నేల లేదు. ఆ పిల్ల మాత్రం, "నా ఏడుపు అక్కడే అయిపోయింది, మామయ్యా! దిగాక అమ్మను పట్టుకోగలిగాను" అన్నది.

వీరిలో ఎవరిది అదృష్టం? నాకైతే ఆ పిల్లదే అనిపిస్తుంది. కాని ఆ ఏడు గంటలు కూర్చున్నది నేను కాదు. అందుకే ఈ విషయం కబురు పంపేవారు తమంతట తామే నిర్ణయించవద్దంటాను. ఇంట్లో పెద్దవాళ్లు మంచాన ఉన్నప్పుడు, బయలుదేరే మనిషిని ముందే అడగాలి: దారిలో చెప్పమంటావా, దిగాక చెప్పమంటావా? అడగటానికి నోరు రాదు, నిజమే. పాస్‌పోర్టూ మందులూ సరిచూసే వేళ ఆ ఒక్క మాటా అడిగేయండి.

మా ఇంట్లో అడిగాను. మా తమ్ముడు చెప్పమన్నాడు. మరదలు వద్దన్నది. రెండూ రాసి పెట్టుకున్నాను.