పద్దు పెరిగింది, ఉప్పల్ వంతెన ఆగింది

హైదరాబాద్‌లోని కాప్రా, నాచారం, మల్లాపూర్ వాసులు యాదగిరిగుట్టకో వరంగల్‌కో బయలుదేరితే చాలామంది ఉప్పల్ రింగ్‌రోడ్డు మీదుగానే జాతీయ రహదారి 163 అందుకుంటారు. దాని పాత నంబరు 202. హైవేలకు సొమ్ము ఎక్కడి నుంచి వస్తోంది, ఎక్కడ చిక్కుబడుతోంది అన్న పాతికేళ్ల కథలో చాలా భాగం ఈ ఒక్క రోడ్డు మీదే కనిపిస్తుంది.

రోడ్ల కోసం ఇంధనం మీద పన్ను వేసి విడిగా నిధి పెట్టడం కొత్తేమీ కాదు. జయకర్ కమిటీ సిఫార్సు చేశాక 1929లోనే కేంద్ర రహదారి నిధి ఏర్పడింది. వాజపేయి హయాంలో పెట్రోలు, డీజిలు మీద లీటరుకు రూపాయి చొప్పున సెస్ విధించి, 2000లో ఆ నిధికి చట్టబద్ధత కల్పించారు. స్వర్ణ చతుర్భుజి హైవేల పథకానికి ఊపిరి పోసినవాటిలో ఆ రూపాయి ఒకటి.

తర్వాత ప్రైవేటు వంతు వచ్చింది. ఘట్‌కేసర్ వైపు నుంచి యాదగిరిగుట్ట దాకా నాలుగు వరుసల రోడ్డును బీఓటీ పద్ధతిలో ఇచ్చారు. కంపెనీయే అప్పు తెచ్చి రోడ్డు వేసి, టోల్ వసూలు చేసుకుంటుంది. బీబీనగర్ టోల్‌గేటు ఆ ఒప్పందం ఫలమే. అయితే 2012 నాటికి అంచనా వేసినన్ని వాహనాలు రాక, బ్యాంకుల అప్పులు మొండిబకాయిలై దేశమంతటా ఈ నమూనా చతికిలపడింది. దాంతో యాదగిరిగుట్ట నుంచి వరంగల్ వరకు సుమారు 99 కిలోమీటర్లకు ప్రభుత్వమే గుత్తేదారుకు నేరుగా బిల్లులు చెల్లించే ఈపీసీ పద్ధతిని ఆశ్రయించారు.

అక్కడి నుంచి ఖజానా మీద భారం ఎగబాకింది. 2013-14లో సుమారు 31 వేల కోట్ల రూపాయలున్న కేంద్ర రోడ్డు రవాణా, రహదారుల శాఖ పద్దు 2023-24కు 2.70 లక్షల కోట్లకు చేరింది.

ఇదంతా కొత్త రోడ్లకు పోయిన సొమ్మేనా అంటే, కాదు. భారత జాతీయ రహదారుల సంస్థ అప్పులు 2022 మార్చి నాటికి దాదాపు 3.5 లక్షల కోట్లకు చేరడంతో మార్కెట్ అప్పులకు కళ్లెం వేసి, ఆ లోటును కేంద్రం బడ్జెట్‌తోనే పూడ్చడం మొదలుపెట్టింది. పద్దు ఉబ్బడానికి ఇదీ ఒక కారణం. ఒక్కో కిలోమీటరుకయ్యే ఖర్చు పెరగడం మరో కారణం. భారత్‌మాల రహదారుల పథకం మొదటి దశలో 34,800 కిలోమీటర్లకు 5.35 లక్షల కోట్లతో 2017లో ఆమోదం లభించింది. 2023లో ఆడిట్ సంస్థ కాగ్ లెక్క తేల్చేసరికి 26,316 కిలోమీటర్లకే మంజూరు మొత్తం 8.46 లక్షల కోట్లు దాటింది.

డబ్బున్నా పని జరగని చోటు ఉప్పల్. ఇక్కడి నుంచి నారపల్లి దాకా ఆరు వరుసల ఎలివేటెడ్ కారిడార్‌కు 2018 మేలో శంకుస్థాపన చేశారు. పొడవు ఆరు కిలోమీటర్ల పైచిలుకు, అంచనా ఆరు వందల కోట్లకు పైగా. రెండేళ్లలో కావాల్సిన పని స్తంభాల దగ్గరే కుంటుపడింది. భూసేకరణ ఆలస్యమైంది, గుత్తేదారు ఆర్థికంగా చేతులెత్తేశాడు. చివరికి ఒప్పందం రద్దు చేసి మళ్లీ టెండర్లకు వెళ్లాల్సి వచ్చింది. స్తంభాల పక్కన గుంతలు పడ్డ దారి బోడుప్పల్, పీర్జాదిగూడ వాసులకు నిత్యకష్టమైంది.

ఇదే రహదారి మీద, అదే 2018లో శంకుస్థాపన జరిగిన అంబర్‌పేట ఫ్లైఓవర్ 2025లో జనానికి అందుబాటులోకి వచ్చింది. అక్కడా ఆస్తుల సేకరణ ఏళ్ల తరబడి నలిగింది. నగరంలో గజం స్థలం ఖరీదు, తొలగించాల్సిన దుకాణాలు, మార్చాల్సిన నీటి గొట్టాలు, కరెంటు తీగలు అన్నీ అడ్డే. నిధులు కేంద్రానివైనా, భూమి అప్పగించాల్సింది రాష్ట్ర యంత్రాంగమే.

2023-24 తర్వాత రెండేళ్లు రహదారుల శాఖ కేటాయింపుల జోరు తగ్గింది. 2024-25లో 2.78 లక్షల కోట్లు, 2025-26లో 2.87 లక్షల కోట్లు. ఏటా పెరుగుదల సుమారు మూడు శాతమే. 2020-21లో రోజుకు 36 కిలోమీటర్లు దాటిన నిర్మాణం 2024-25లో 29కి దిగింది. బీఓటీని మళ్లీ బతికించాలని, కట్టిన రోడ్ల టోల్ హక్కులను లీజుకిచ్చి సొమ్ము చేసుకోవాలని కేంద్రం చూస్తోంది. ఇలాంటి లీజుకు హైదరాబాద్ సాక్షిగా నిలిచింది: 158 కిలోమీటర్ల అవుటర్ రింగ్‌రోడ్డును 2023లో రాష్ట్రం 30 ఏళ్లకు 7,380 కోట్లకు అప్పగించింది.

టోల్ పండే రోడ్డుకు పెట్టుబడిదారు దొరుకుతాడు. ఊరి నడుమ ఆరు కిలోమీటర్ల వంతెనకు దొరకడం కష్టం. ఉప్పల్ లాంటి పనులు ఇకపైనా బడ్జెట్ మీదే ఆధారపడాలి. కొత్త టెండరుకు ముందు ఎంత భూమి చేతికొచ్చిందో, గుత్తేదారు తాహతును ఎలా తూచారో ప్రభుత్వాలు వెల్లడిస్తే, కారిడార్ ఎప్పటికి పూర్తవుతుందో కాప్రా, ఉప్పల్ జనం లెక్కగట్టుకోగలరు.