పాత జోంగాకు ఏ నంబరు?

సైన్యం వేలం వేసిన జోంగా అనే వాహనాలు, జీపులు కొని, తుప్పు వదిలించి, తొలినాటి రూపానికి తెచ్చుకునే అభిమానులు మన దేశంలో ఉన్నారు. బండికి సైన్యం ఇచ్చిన నంబరునే ముందూ వెనుకా రాసుకోవాలన్నది వారిలో కొందరి కోరిక. రోడ్డు మీద దాన్ని ఒప్పుకోకూడదు. కానీ ఆ నంబరును చెరిపేసి ఊరుకోవడం అంతకన్నా పెద్ద తప్పు. మన సైనిక వాహనం నంబరు పైకి చూపే బాణం గుర్తుతో మొదలవుతుంది. ఒకప్పటి బ్రిటిష్ ప్రభుత్వ ఆస్తి ముద్ర అది. దాని పక్కనున్న రెండు అంకెలు బండి సైన్యంలో చేరిన సంవత్సరాన్ని చెబుతాయి. వేలంలో కొన్నవారికి రవాణా శాఖ కొత్త నంబరు ఇవ్వగానే ఆ ఆధారం రంగు కింద మరుగైపోతుంది.

దీనివల్ల పోయేది జ్ఞాపకం ఒక్కటే కాదు. 2021 జులైలో కేంద్రం తెచ్చిన వింటేజ్ వాహనాల నిబంధనల ప్రకారం, తొలి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉన్న వాహనానికే ‘వీఏ’ నంబరు దక్కుతుంది. సైనిక వాహనాలకు తొలి రిజిస్ట్రేషన్ జరిగేది మోటారు వాహనాల చట్టం 60వ సెక్షన్ కింద, కేంద్రం నియమించిన అధికారి దగ్గర. 1972లో సైన్యంలో చేరి 1990లో వేలానికి వచ్చిన జోంగా ఒకటి ఉందనుకుందాం. దాని వయసును పౌర రిజిస్ట్రేషన్ నుంచి లెక్కిస్తే 2040 దాకా అది వింటేజ్ కాదు. సైనిక నంబరును లెక్కలోకి తీసుకుంటే ఇప్పటికే అర్హత ఉంది.

మరి ఆ నంబరుతోనే రోడ్డెక్కనిస్తే? అమెరికాలోని టెక్సాస్ పాత సైనిక వాహనాలకు అలాంటి వెసులుబాటు ఇచ్చింది. మన పరిస్థితి వేరు. బాణం గుర్తును చూస్తే ఇక్కడ తనిఖీ చేసే చెయ్యి వెనక్కి తగ్గుతుంది. 2001 డిసెంబరు 13న పార్లమెంటు ఆవరణలోకి ముష్కరులు వచ్చింది హోం శాఖ స్టిక్కరు అంటించిన కారులో. 2016 జనవరిలో పఠాన్‌కోట్ దాడికి ముందు ఆ దాడి చేసినవారు ఎత్తుకుపోయింది పోలీసు అధికారి వాహనం. ఈ అనుభవాల తర్వాత అభిమానం పేరుతో మినహాయింపు అడగడం సబబు కాదు.

పౌర నంబరు ప్లేటు పెడితే పునరుద్ధరణ అందమంతా పోతుందన్నది అభిమానుల అభ్యంతరం. ఆ బాధ నిజమే. అయితే వింటేజ్ బండి రోడ్డు మీదికి రావడానికి అనుమతి ఉన్నది ప్రదర్శనలు, ర్యాలీలు, సాంకేతిక పరిశోధన, ఇంధనం, మరమ్మతుల వంటి పనులకే. కాబట్టి దారిలో ప్లేటు ఉండాలి. మైదానంలో బండి ఆగాక, ప్రదర్శన ముగిసేదాకా, ఊడదీయదగిన బోర్డు మీద సైనిక నంబరు పెట్టుకోనివ్వాలి. రంగు విషయంలో మాత్రం ప్రభుత్వమే ఒక మెట్టు దిగాలి. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 121వది, రక్షణ శాఖవి కాని బండ్లకు ఆలివ్ గ్రీన్ వేయరాదంటుంది. అసలు రూపం తప్పనిసరి అంటూనే అసలు రంగును నిషేధించడం పొసగదు. వీఏ ప్లేటు స్పష్టంగా కనిపించే బండికి ఆ నిషేధం నుంచి మినహాయింపు ఇవ్వవచ్చు. అన్నిటికన్నా ముందు జరగాల్సింది ఆర్సీలో ఒక గడి చేర్చడం. వేలం కాగితాల్లోని సైనిక నంబరునూ, సేవలో చేరిన సంవత్సరాన్నీ అందులో నమోదు చేయాలి. ఇప్పటికే పౌర నంబర్లతో తిరుగుతున్న బండ్లకు కూడా, పాత కాగితాలు చూపితే, ఆ అవకాశం ఇవ్వాలి.