పొట్టివాళ్ళకి పెద్ద బండి పనికిరాదా?

మన వైపు ఐదడుగుల మూడంగుళాల మనిషి బరువైన టూరింగు బైకు కొంటానంటే మొదట వినపడే మాట, "నీకెందుకురా అది, కాళ్ళు అందుతాయా?" అని. మేనమామ దగ్గర్నుంచి పెట్రోలు బంకులో కుర్రాడి దాకా అందరిదీ అదే ప్రశ్న. నా ఎత్తు సరిగ్గా అంతే. ఉద్యోగం హైదరాబాదులో, ఇల్లు పామర్రులో, మధ్యలో మూడొందల కిలోమీటర్ల పైచిలుకు జాతీయ రహదారి 65. బండి మీదే వెళ్ళొస్తుంటాను కాబట్టి ఈ విషయంలో నాకో గట్టి అభిప్రాయం ఉంది. ఎత్తు సమస్య నిజమే. కానీ దానికి మనవాళ్ళు చేయించే వైద్యం మాత్రం రోగం కన్నా ప్రమాదం.

ముందు లెక్కలు చూద్దాం. మన ఊళ్ళలో అందరూ తోలే హీరో స్ప్లెండరు సీటు ఎత్తు 785 మిల్లీమీటర్లు. 2023లో వచ్చిన రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 450ది 825. అంటే తేడా నాలుగు సెంటీమీటర్లే! అదే కంపెనీ సూపర్ మీటియర్ 650 అయితే 740, స్ప్లెండరు కన్నా తక్కువ. కానీ బరువు 241 కిలోలు. మరి స్ప్లెండరు మీద ఎవరూ అడగని ప్రశ్న హిమాలయన్ మీద ఎందుకొస్తుంది? ఒకటి బరువు, రెండోది సీటు వెడల్పు. వెడల్పు సీటు మీద తొడలు పక్కలకి విడిపోతాయి, ఆ మేరకు కాలు పొట్టిదైపోతుంది. షోరూం కాగితంలో సీటు ఎత్తు రాస్తారు గానీ వెడల్పు రాయరు. తిరకాసంతా అక్కడే ఉంది.

ఇక బరువు. 200 కిలోల బండి, దాని గరిమనాభి నేలకి 55 సెంటీమీటర్ల ఎత్తున ఉందనుకోండి. హ్యాండిలు మీటరు ఎత్తు. బండి 5 డిగ్రీలు ఒరిగితే హ్యాండిలు దగ్గర మనం ఆపాల్సింది ఇంచుమించు 10 కిలోల బరువు. చంటిపిల్లాణ్ణి ఎత్తుకున్నట్టే. 20 డిగ్రీలు ఒరిగితే 38 కిలోలు. 30 డిగ్రీలకి 55 కిలోలు, ఇక పహిల్వాను కూడా వదిలేస్తాడు. మోటు లెక్కే అయినా సంగతి అర్థమవుతుంది. బండిని నిలబెట్టేది కండబలం కాదు, బండి ఒరగడం మొదలవగానే కాలు నేలకి ఎంత తొందరగా తగిలిందన్నది. రెండు పాదాలూ పూర్తిగా ఆననక్కర్లేదు. ఒక్కటి గట్టిగా ఆనితే చాలు.

మరి మనవాళ్ళు చేయించే వైద్యం ఏమిటి? తిన్నగా మెకానిక్కు దగ్గరికెళ్ళి వెనక షాకబ్జర్లు పొట్టివి వేయించడమో, లింకు మార్పించడమో చేస్తారు. బండి కిందకి దిగుతుంది, కాళ్ళు ఆనతాయి, మనిషి మురిసిపోతాడు. తరవాత మొదలవుతాయి అసలు కష్టాలు. వెనక మాత్రమే దించితే ముందు ఫోర్కుల వాలు మారి హ్యాండిలు తిరిగే తీరు మారిపోతుంది. హెడ్‌లైటు ఎదుటివాడి కళ్ళలోకి లేస్తుంది. స్పీడు బ్రేకరు మీద, అందులోనూ వెనక మనిషి కూర్చుంటే, అడుగు తగులుతుంది. అన్నిటికన్నా పెద్ద చిక్కు సైడు స్టాండు. దాని పొడుగు మారలేదు కాబట్టి బండి నిటారుగా నిలబడి, చిన్న తోపుకి అవతలి వైపు పడిపోతుంది. పక్కన ఆడుకునే పిల్లలుంటే? ఒక సెంటీమీటరు కోసం ఇన్ని సెంటీమీటర్లు పోగొట్టుకోవడం నాకు తెలివైన బేరంలా కనపడదు.

నా వరస వేరు. మొదట సీటు. విజయవాడ ఆటోనగర్‌లో సీట్లు కుట్టేవాళ్ళకి చెప్పాల్సింది "ఎత్తు తగ్గించు" అని కాదు, "ముందు రెండు మూలలూ చెక్కు" అని. తొడలు దగ్గరకొస్తే కాలు దానంతటదే కిందకి వెళుతుంది. మధ్యలో ఫోము మరీ తీయిస్తే నందిగామ వచ్చేసరికి కింద రేకు గుచ్చుకుంటుంది, అది వేరే నరకం. పాత సీటు దాచుకుని ఇంకో సీటు మీద చేయించుకోవడం మంచిది. కొన్ని బళ్ళకి కంపెనీయే తక్కువ ఎత్తు సీటు ఇస్తుంది. హిమాలయన్ 450కి 805 మిల్లీమీటర్లది ఉంది. రెండోది మందపాటి అట్ట ఉన్న బూట్లు, రెండు సెంటీమీటర్లు అక్కడే కలిసొస్తాయి. మూడోది వెనక స్ప్రింగు బిగువు. సన్నటి మనిషికి బిగువు ఎక్కువైతే బండి లేచి కూర్చుంటుంది, కాస్త వదులు చేయాలి. వెనక ఎవరైనా ఎక్కితే మళ్ళీ బిగించాలి, మర్చిపోకూడదు. నాలుగోది సామాను. బరువైనవి అడుగున, రెండు పక్కలా. వెనక డబ్బాలో పైన ఇరవై కిలోలు పెట్టి బండి బరువుగా ఉందనడం న్యాయం కాదు.

అయిదోది ఖర్చు లేనిది, అందుకే ఎవరూ పట్టించుకోరు. ఆపేటప్పుడు నడుముని కొంచెం ఎడమకి జరిపి, ఎడం కాలు పూర్తిగా ఆనించి, కుడికాలు బ్రేకు మీదే ఉంచడం. ఖాళీ స్థలంలో రెండు ఆదివారాలు సాధన చేస్తే వచ్చేస్తుంది.

అయితే ఎక్కడ ఆపుతున్నాం అనేది చూసుకోవాలి. మా పామర్రు సెంటర్లో బందరు రోడ్డూ గుడివాడ రోడ్డూ కలుస్తాయి. వెనకనుంచి బస్సు హారను కొడుతుంటే అందరూ ఎడమకి జరుగుతారు. చాలాచోట్ల తారు అంచుకీ పక్క మట్టికీ నాలుగైదు వేళ్ళ తేడా ఉంటుంది. ఎడం కాలు పెడదామంటే అక్కడ నేలే ఉండదు! పొడుగాళ్ళకి అది పెద్ద లెక్క కాదు, మనకి మాత్రం ఆ రెండంగుళాలే పది డిగ్రీల ఒరుగుడు. అందుకని అంచుకి అడుగున్నర లోపలే ఆపాలి, హారను కొట్టేవాణ్ణి కొట్టనివ్వాలి. వానాకాలంలో నల్లరేగడి మీద సైడు స్టాండు దిగబడుతుంది, కింద రాయో చెక్కో ఉండాల్సిందే. కోతలప్పుడు రోడ్డు మీద వడ్లు ఆరబోస్తారు, వాటి మీద కాలు పెడితే జారుడుబల్లే. గోడకేసి ముక్కు కిందకి వాలేలా బండి పెట్టకూడదు, వెనక్కి లాక్కోలేం.

చట్టం సంగతీ గుర్తుండాలి. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, రిజిస్ట్రేషను కాగితంలోని వివరాలు కంపెనీ ఇచ్చినదానికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. సీటు ఫోము జోలికి అది రాదు గానీ, ఛాసిస్ కోయించే సాహసాలు వద్దు.

నా కోపమల్లా అమ్మేవాళ్ళ మీద. నడుము కొలవకుండా ప్యాంటు అమ్మరు కదా, కాలు పొడుగు కొలవకుండా రెండు లక్షల పైన పెట్టే బండి ఎలా అమ్ముతారు? తక్కువ ఎత్తు సీటు విడిగా కొనుక్కోవాల్సిన సరుకెందుకైంది? ఎత్తు తక్కువ మగవాళ్ళూ, ఇప్పుడిప్పుడే బుల్లెట్లు తోలుతున్న ఆడవాళ్ళూ మన దగ్గర తక్కువేం కాదు. కాళ్ళు అందవని ఎవరో అన్న మాటకి ఆశ చంపుకున్నవాళ్ళు కొందరు. ఆ మాట పడలేక బండిని అడ్డదిడ్డంగా దించి, దాని కింద కాలు ఇరికించుకునేవాళ్ళు ఇంకొందరు. పొట్టివాడికి పుట్టెడు బుద్ధులంటారు. వాటిలో ఒకటి సీటు కుట్టేవాడి దగ్గరా, ఇంకోటి ఖాళీ మైదానంలోనూ వాడితే చాలు. ఏమంటారు?